వన్స్ మోర్ రాజాజ్ఞ

ఆ ఉగాది నాటకంలో నాకు పడిన ‘వన్స్ మోర్’లు జనం అడిగినవి కావు. నా రూమ్మేట్లకు బిర్యానీ వండిపెట్టి నేనే అరిపించుకున్నాను. ఈ సంగతి చాలా ఏళ్లు వదినకు చెప్పలేదు.

డెబ్భైల చివర్లో అమెరికాలో, పార్సిప్పనీ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్లం ఒక స్కూల్ ఆడిటోరియం తీసుకుని, పాత గ్రీకు విషాద నాటకమొకటి తెలుగులో వేశాం. ఊరి మీదికి దండెత్తి చచ్చినవాడిని ఎవరూ పూడ్చకూడదని, పూడిస్తే మరణదండనని రాజు అందరి ముందూ ఆజ్ఞ ఇస్తాడు. చచ్చినవాడి చెల్లెలు లెక్కచెయ్యకుండా వెళ్లి మట్టి పోస్తుంది. రాజును నేను. శవం నా స్నేహితుడు. చెల్లెలు వాడి భార్య, అంటే వదిన.

“ఇంట్లో మొగుణ్ణి, స్టేజి మీద అన్నని. ఏం ఖర్మరా నాది!” అనేవాడు.

“మీకు రిహార్సల్ ఎందుకండీ? రోజూ సోఫాలో చేస్తున్నదేగా,” అనేది వదిన.

ఆవిడ కాలేజీలో నాటకాలు వేసేది. పెళ్లయ్యాక స్టేజి ఎక్కడం అదే మొదలు. పప్పుకి తాలింపు వేస్తూ కూడా ఆ మాటలే వల్లించేది. శవం మీద పొయ్యడానికి నిజం మట్టే కావాలని మనీప్లాంట్ కుండీ పట్టుకొచ్చింది.

నేను రాజాజ్ఞను పద్యంగా రాసుకున్నాను. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టకు వంటింటి అల్యూమినియం రేకు చుట్టిన కిరీటంతో నిలబడి, ఊపిరి ఉన్నంతసేపు రాగం తీశాను. వెనక వరుసలోంచి “వన్స్ మోర్!” వినిపించింది. మళ్లీ పాడాను. ఈసారి పక్కవాళ్లు కూడా అందుకున్నారు.

“ఆపరా బాబూ, వీపు పట్టేసింది,” అంది శవం, కళ్లు తెరవకుండానే.

“శవాలు మాట్లాడకూడదు,” అని గొణిగి, ఇంకోసారి ఎత్తుకున్నాను.

ఇంతలో స్కూలువాళ్లిచ్చిన టైం అయిపోయి, హాలు మూసే ఆయన లైట్లు తీసేశాడు. వదిన కుండీతో తెర పక్కనే నిలబడి ఉంది.

ఇంటికొస్తూ కార్లో కుండీ ఒళ్లో పెట్టుకుని ఆవిడే నన్ను ఓదార్చింది. “జనం అంతగా అడిగితే నువ్వు మాత్రం ఏం చేస్తావయ్యా?”

అప్పుడైనా చెప్పాల్సింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎనభైలు అయిపోవస్తుండగా ఒక ఆదివారం వదిన భోజనానికి పిలిచి బిర్యానీ వడ్డించింది. ఆ వాసనకి ఇక ఆగలేక చెప్పేశాను.

“ఓరి దుర్మార్గుడా! నా వీపురా!” అన్నాడు స్నేహితుడు.

వదిన నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, “లే. అక్కడ పడుకో,” అని కార్పెట్ చూపించింది.

పడుకున్నాను. కిటికీ దగ్గరి కుండీ తెచ్చి, ఆవిడ తన సీను మొదలుపెట్టింది. ఒక్క మాట మరిచిపోలేదు. రాజును తిట్టే చోట మట్టి కొంచెం ఎక్కువే పడింది. నేను నోరు తెరవబోతే, “శవాలు మాట్లాడకూడదు,” అంది. సోఫాలోంచి స్నేహితుడు “వన్స్ మోర్!” అని అరిచాడు. ఆవిడ నిజంగానే మళ్లీ మొదలుపెట్టింది.

అంతా అయ్యేదాకా ఆగి, మీసాల్లో మట్టితోనే లేచి కూర్చున్నాను.

“తప్పయిపోయింది వదినా. మీ సీను నేనే మింగేశాను. క్షమించండి.”