ఛీఛీ మామ నెత్తికెత్తుకున్న కిర్రు

మా మరిదిని షెడ్డులో అందరూ ఛీఛీ మామ అనేవారు. బండి కిందికి దూరి ఏది చూసినా ముందు ఆయన నోటి నుంచి వచ్చేది ఆ మాటే. ఎవరో వదులుగా వదిలేసిన నట్టుకూ ఛీ, తాడుతో కట్టి సరిపెట్టిన సైలెన్సరుకూ ఛీ. షెడ్డు మా ఇంటి కింది భాగంలోనే ఉండేది. పైన వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునే నాకు, చదివిన పేజీలకన్నా ఆ ఛీలే ఎక్కువ గుర్తున్నాయి.

ఒక ఉదయం కోళ్ళఫారం ఆయన పికప్పు వచ్చింది. కొన్నాళ్ళ కిందట ఆయన దాన్ని మా షెడ్డులో వదిలి వెళ్తే, మరిది అల్లుడు ఎత్తు చేశాడు. ఆ ఎత్తు దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన భార్య ఎక్కాలంటే స్టూలు వెయ్యాలి, కోళ్ళ బుట్టలు ఎక్కించేవాళ్ళు మునివేళ్ళ మీద నిలబడాలి. ఇప్పుడు గతుకు తగిలినప్పుడల్లా కిర్రుమంటోంది.

"మొన్న పెళ్ళికెళ్తే అందరూ నా వైపే తిరిగారు పెద్దాయనా. బండిని చూసి కాదు, దాని ఏడుపు విని," అన్నాడు ఆయన.

మరిది అల్లుణ్ణి వెనక బంపరు ఎక్కి ఊగమన్నాడు. తను కిందికి దూరి ఒక్కో కీలు మీద అరచెయ్యి ఆనించాడు. వణుకు తగిలిన చోట, కీలులో ఉండే రబ్బరు బుష్షు మీద సీసాతో నీళ్ళు చిమ్మాడు. అరుపు ఠక్కున ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఛీ! ఇదేం పాపిష్టి పనిరా!"

బుష్షు చుట్టూ పాత ఇంజనాయిలు పూసి ఉంది. దానికి దుమ్మూ, ఈకలూ, కోళ్ళ రెట్టా అంటుకుని కుళ్ళిన ముద్దలా తయారైంది. వేలితో గీకితే రబ్బరు జిగురుజిగురుగా ఊడివచ్చింది. పైనున్న నేనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

ఆయిలు అరుపును నొక్కిపెడుతుంది, రబ్బరును తినేస్తుంది. అసలు తప్పు అంతకు ముందుది. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతుండగానే అల్లుడు బోల్టులు బిగించేశాడు. కిందికి దింపగానే బరువుకు రబ్బరు మెలిపడింది. చక్రాలు నేలకు ఆనాకే ఆఖరి బిగింపు వెయ్యాలని మరిది ఎన్నిసార్లు చెప్పాడో నా చెవులకు తెలుసు.

"ఎవరు బిగించారు?" బిగింపు తప్పని మరిది చెప్పగానే కోళ్ళఫారం ఆయన గొంతు లేచింది. "నా పిల్లలు కూర్చునే బండి ఇది. వాడు ఈ షెడ్డులో ఉంటే నా బళ్ళేవీ ఇటు రావు."

అల్లుడు బంపరు దిగలేదు. మెట్ల మీద మరిది కూతురు టీ గ్లాసులతో ఆగిపోయింది.

"నేనే. చెయ్యి తప్పింది," అన్నాడు మరిది.

ఆయన మెత్తబడ్డాడు. "మీరా! సరే, కొత్తవి వెయ్యండి. బిగించడం మాత్రం అల్లుడికి వదిలెయ్యండి."

భోజనాల దగ్గర అడిగాను. "ఎందుకయ్యా ఆ చెత్తంతా నీ నెత్తికెత్తుకున్నావు?"

"మా అమ్మాయి మొగుడు కదా వదినా. వాడే వచ్చి నిజం చెప్తాడులే. అంతవరకూ మోస్తాను."

అల్లుడు రాలేదు. పైగా ఆ అబద్ధాన్ని సొంతం చేసుకున్నాడు. "మా మామయ్యకి వయసు మీదపడింది, పాపం," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పసాగాడు. ఆ 'పాపం' విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. మరిది మాత్రం రోజూ షెడ్డులో దిగి, ఆ ఒక్క మాట కోసం వాడి మొహం వైపు చూసేవాడు.

ఒకరోజు మరో పికప్పు జాకీ మీద ఉంది. అల్లుడు పానా పట్టుకున్నాడు.

"అల్లుడూ, దింపి బిగించు."

అల్లుడు బండి యజమాని వైపు కన్నుగీటాడు. "విన్నారా? మా మామయ్యకి ఇప్పుడు గుర్తొచ్చింది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. మరిది వంగి తనే జాకీ దింపాడు. చక్రాలు నేలకు ఆనాక, "ఇప్పుడు బిగించు," అన్నాడు. అల్లుడు బిగించేదాకా పక్కనే నిలబడ్డాడు. తరవాత పైకొచ్చి, సబ్బు అడిగి, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

వెనకే కూతురు వచ్చింది. "నాన్నా, ఆయన సరదాకి అన్నారు. కోపమా?"

"కోపం కాదమ్మా. రోత."

అది తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంది. మరిది వెనక్కి తిరగలేదు. మర్నాటి నుంచి ఆయన షెడ్డులోకి దిగలేదు; తాళం అల్లుడే తీసేవాడు.