సొన మచ్చే అనుకున్నాం

మీకు మామిడిపండు కావాలి. దాన్ని కోసిన చెయ్యి మాత్రం అక్కర్లేదు. పండు మీద సొన కారిన నల్లచారిక కనిపిస్తే పక్కన పడేసి నున్నటిది ఏరుకుంటారు. ఆ సొన పండు మీద పడకుండా ఎవరి ఒంటి మీద పడిందో ఒక్కరోజైనా అడిగారా?

మొన్న సోమవారం మా మేనత్త చనిపోయింది. ముసునూరు తోటల్లో కోసిన కాయల తొడిమ విరిచి, బోర్లించి, సొన కార్చడమే ఆమె పని. తొడిమ విరగ్గానే చిమ్మే ఆ పాలు ఒంటి మీద పడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

ఆమెను తలుచుకుంటే ముందు వాసనే వస్తుంది. ఎండ పొద్దు, ఆకుల్లోంచి జారే వెలుతురు, నువ్వులనూనెలో గాయపాకూ వేపాకూ మగ్గుతున్న పచ్చి వాసన. వడకట్టి, పసుపు వేసి, తేనెమైనం కరిగించి, చల్లారేదాకా పుల్లతో తిప్పుతూనే ఉండేది. ఆమె తిప్పుతుంటే తోటంతా మెల్లగా తిరుగుతున్నట్టుండేది నాకు. గడ్డకట్టాక ఆ మలాం లేత పిందె రంగులోకి వచ్చేది.

అన్నం వేళకి కోత ముఠా అంతా వరసగా చేతులు చాపేవాళ్లు. ఒకరోజు ఒకామె మాత్రం పెదవి చూపించింది.

"ఇది చేతి పుండు కాదే, దొంగకాయ పుండు!" అంది అత్త.

"మండుద్దా అక్కా?"

"కొరికినప్పుడు లేని భయం ఇప్పుడెందుకే?"

మలాం రాసిన ప్రతిరోజూ వాళ్ల మణికట్టు మీద ఒక పసుపు బొట్టు పెట్టేది. మూడు బొట్లకీ పుండు ఆరకపోయినా, మధ్యలో జ్వరం తగిలినా, డబ్బాకి మూత పెట్టేసేది. "నా పని అయిపోయింది. నూజివీడు బస్సెక్కు. పెద్దాసుపత్రికి పో."

కుర్రతనంలో నేను వ్యాసాలు రాసి మరీ వాదించేవాణ్ణి. ఇది నాటువైద్యం, దీనికి పరీక్షల్లేవు, జనాన్ని వెనక్కి లాగుతోంది అని.

"నీ వ్యాసం తీసుకురారా, పుండుకి కట్టి చూద్దాం," అనేది.

తన మందు ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషిని మూఢురాలన్నాను. నా మాట ఎక్కడ ఆగాలో నాకే తెలియలేదు.

ఈ వేసవిలో వెళ్లినప్పుడు, గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని తొడిమలు విరుస్తోంది. బొటనవేలి పక్కన నల్లమచ్చ.

"ఏంటత్తా అది?"

"సొన మచ్చేలేరా. కోతలైతే అదే పోద్ది."

నమ్మాను. కూలీల ఆరోగ్యం మీద మీటింగుంది, టైమైపోతోందని ఆటో ఎక్కేశాను. మీ మీద అరిచే ముందు ఈ మాట నేను ఒప్పుకోవాలి.

సొన పడితే మండుతుంది. ఇది మండలేదు. షుగరు ఆ పాదంలో స్పర్శ తీసేసింది. మూడురోజుల మాట ఆమెకి గుర్తులేదా? ఉంది. కానీ కోతల్లో ఒక్కరోజు మానితే మర్నాడు ఆ గోనెపట్టా మీద ఇంకొకరు కూర్చుంటారు. అందుకే తన మలాం తనే రాసుకుని, రోజులు మాత్రం లెక్కపెట్టుకోలేదు. జ్వరంతో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చీము ఎముకదాకా పోయింది.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అని డాక్టరమ్మ అడిగింది. సొన మచ్చే అనుకున్నాం.

ఆఖరిసారి చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూశాను. ఒక్క బొట్టూ లేదు.

సానుభూతి వద్దు. ఇవి కావాలి:

ప్రతి తోటలో సబ్బు, నీళ్లు, చేతికీ కాలికీ తొడుగులు.

కోతల కాలంలో వారానికోసారి నర్సు తోటకే రావాలి. షుగరు చూడాలి, పాదాలు చూడాలి.

పుండుతో ఆసుపత్రికెళ్లిన మనిషికి ఆ రోజు కూలి, మర్నాడు ఆమె చోటు ఆమెకే.

తోటలో ఎవరి కాలిమీదైనా నల్లమచ్చ కనిపిస్తే "సొనేలే" అనొద్దు. వంగి చూడండి. మణికట్టు మీద ఒక పసుపు బొట్టు పెట్టండి. రేపు మళ్లీ రండి. ఎల్లుండి కూడా.