లిలువాలో ఆగని బండి

మా వీధి మలుపులో ఈమధ్య ఎవరో ఝాల్‌మూరి బండి పెట్టారు. మరమరాల మీద పచ్చి ఆవనూనె పడగానే లేచే ఘాటుకు నాకు నోరూరదు. అయినా వెళ్తాను, పొట్లంలో మరో నాలుగు పల్లీలు వేయించుకునేదాకా కదలను. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

నేను పెరిగింది టెక్కలి సంతవీధిలో, మా నాన్న తల్లి కొట్టులో. నాన్న కలకత్తా పక్క లిలువాలో రైలు కార్ఖానా ఫిట్టరు. అమ్మ ఆయనతో అక్కడి క్వార్టర్లో ఉండేది. తెలుగు బడి కోసం నన్ను మామ్మ దగ్గర వదిలారు. ఆషాఢంలో కొట్టంతా పనసతొనల తీపి, కొత్త చింతపండు పులుపు, వాటన్నిటి మీదా నిప్పు నోటిలోపల పెట్టి మామ్మ పీల్చే అడ్డపొగ చుట్ట కమురు. నాగులచవితికి నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచితే రోటి అంచున అంటుకున్నదంతా నాదే. తూకపురాళ్లే నా ఆటబొమ్మలు. మామ్మ చెప్పిన పాఠం ఒక్కటే: "మూడు కొట్లు అడక్కండా ఏటీ కొనకే గుంటా."

నాకు పదేళ్లప్పుడు టెలిగ్రాం వచ్చింది. నాన్నకు కామెర్లు ముదిరాయట. మామ్మ కొట్టుకు తాళం వేసి, నేల ఉసిరి మొక్కలు వేళ్లతో సహా పీకి తడిగుడ్డలో చుట్టింది. చిన్నప్పుడు నాన్న కామెర్లు ఆ పసరుతోనే దిగాయని ఆవిడ ధీమా.

హౌరాలో దిగేసరికి, సంతలో వంద గొంతుల్ని అణిచే మా మామ్మ నా జడ చివర పట్టుకుని నిలబడిపోయింది. "నువ్వే అడుగే, సదూకున్నదానివి" అంది. చదువుకున్నదాన్ని కదా, లిలువా పక్క స్టేషనేగా, కాస్త తగ్గించమని టిక్కెట్ల కిటికీ దగ్గర వచ్చీరాని హిందీలో బేరమాడి, వెనక వరసనంతా నవ్వించాను. తర్వాత, మామ్మ పాఠం ప్రకారం మూడు కొట్లు అడిగినట్టే, బండి కోసం ముగ్గుర్ని అడిగాను. మొదటి ఇద్దరూ ఎదురుగా ఖాళీగా ఉన్న బండి చూపించారు. అది కదలడానికి ఇంకా అరగంట. మూడో ఆయన ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి, తన బండే ముందు పోతుందని, లిలువా మీదుగానేనని చెప్పాడు. అదే టిక్కెట్టు, అరగంట లాభం! మామ్మని లోపలికి తోసి, నేనూ ఎక్కాను.

ఆ బండి పెద్ద స్టేషన్లలోనే ఆగుతుందని ఆయన చెప్పలేదు, నేనడగలేదు. హిందీలో లిలువా పేరు కూడబలుక్కునేలోపే బోర్డు వెనక్కి పోయింది. "ఆగదేటే? ఓలమ్మా, ఆగదేటే?" అంటూ మామ్మ తలుపు వైపు తోసుకుపోతే ఎవరో బెంగాలీ ఆడమనిషి ఆవిడ కొంగు పట్టి లాగింది. మా పక్కనే ఒకడు డబ్బాలో మరమరాలు ఆవనూనెతో కలుపుతూ అరుస్తున్నాడు. శ్రీరాంపూర్‌లో దిగి, వంతెనెక్కి, తిరుగు బండి పట్టుకుని, లిలువా చేరేసరికి గంటన్నర అయింది.

క్వార్టరు పట్టాల పక్కనే. నాన్నని అప్పటికే నేల మీదికి దించారు.

"ఇంకా అరగంట అవ్వలేదత్తా," అంది అమ్మ. "పొద్దుట్నుంచీ బండి సప్పుడైతే సాలు, కళ్లు తెరిసీవోడు. ఇందాక ఒకటి ఆగకండా ఎల్లిపోనాది. 'మాయమ్మ ఇందులో లేదులే' అన్నాడు. మరి మాటాడ్నేదు."

నేను నోరు తెరిచాను. మామ్మ నా మణికట్టు పట్టుకుని, గాజులు చిట్లేలా నొక్కింది.

"మా బండి లేటే కోడలా," అంది. "హౌరాకే లేటుగా వచ్చినాది."

ఆ తర్వాత నాతో కూడా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు మామ్మా లేదు, కొట్టూ లేదు; పట్టాల పక్క క్వార్టర్లు పడగొట్టేశారని విన్నాను. అమ్మకు డెబ్బై దాటాయి. ఏటా నాన్న తద్దినం నాడు వంట దించుతూ, "ఆ మాయదారి బండి ఒక్క గంట ముందొచ్చుంటే తల్లిని కళ్లారా సూసుకుందుడే" అని తిడుతుంది.

"అవునమ్మా" అంటాను, విస్తళ్లు కడుగుతూ.