ఓనరమ్మ వేయించిన వైరు

మా ఓనరమ్మ పోయి రెండు వారాలు కావస్తోంది. పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. కృష్ణానగర్‌లో ఆవిడ ఇంటి కింది గదిలో నేను సినిమా డాన్సర్లకు బట్టలు కుడతాను. ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. అయినా ఆవిడ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

కొండ అవతల కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న కాలమిది. మా గల్లీలో మాత్రం సాయంత్రమైతే కరెంటు పోతుంది. అప్పుడు జనరేటర్ సేఠే దిక్కు. షూటింగులకు జనరేటర్లు అద్దెకిచ్చే ఆయన, ఒకటి గల్లీలో పెట్టి ఇంటింటికీ వైరు లాగాడు. లైటుకింత, మిషనుకింత అని వసూలు. అడిగేవాడు లేక నెలనెలా రేటు పెంచేవాడు. పక్క గల్లీలో ఇంకొకాయన జనరేటర్ సగం ధరకే నడిచేది. కానీ అక్కడి కరెంటు మా దాకా రావడానికి దారి లేదు.

ఉన్న ఒక్క దారి ఓనరమ్మ మేడ. ఆ ఇంటి ముఖం మా గల్లీకి, వీపు పక్క గల్లీకి. మేడ మీదుగా అక్కణ్ణుంచి గల్లీ మొత్తానికి సరిపోయే వైరు వేయిస్తానని ఆవిడ అన్న రోజే సేఠు వచ్చాడు.

"వదినా, నీ ఇంటికి జిందగీ మొత్తం కరెంటు ఫ్రీ. గా వైరు ముచ్చట ఇడ్సిపెట్టు."

"నాకు ఫుకట్‌గ ఇచ్చి గల్లీ మొత్తం దగ్గర గుంజుతవా? ఏం తెలివిరా అయ్యా!"

"అయితే మీ ఇంటికి ఇయ్యాల్నుంచే బంద్."

"చెయ్యి."

చేశాడు. వైరు పడేదాకా మాకు చీకటే. పై గదిలో కిరాయికున్న డాన్సర్లు ఖాళీ చేసి పోయారు. ఆ కిరాయే ఆవిడకు జరుగుబాటు. అయినా సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని, వెల్లుల్లి ఒలుస్తూ నన్ను ఆటపట్టించేవారు. "ఏం మాస్టర్, నువ్వు గూడ పోతవా? పోతే నా జాకిట్టు కుట్టిచ్చి పో."

నేను పోలేదు.

వైరు పడింది. మర్నాడే సేఠు తన రేటును పక్క గల్లీ ధర కంటే ఓ మెట్టు కిందికి దించాడు. అందరూ మళ్లీ ఆయన దగ్గరే తీసుకున్నారు. ఆ లావుపాటి వైరు మీద మిగిలింది మా ఇల్లొక్కటే.

"ఏందమ్మా, బట్టలారేసుకోనీకి ఏపిచ్చినవా?" అని ఎదురింటి మేకప్ ఆయన నవ్వాడు.

"నీ బిల్లు సగమైంది గదా, గదెవ్వరి పుణ్యమనుకున్నవ్? దాంట్ల కరెంటు రాకున్నా మంచిదే. గాడ ఉన్నదని సేఠుకు తెలిస్తే చాలు."

వానాకాలంలో సేఠు ఒకసారి రేటు పెంచి చూశాడు. కనెక్షన్ కావాలంటూ అందరికంటే ముందు మా మెట్లెక్కింది మేకప్ ఆయనే. సాయంత్రానికల్లా రేటు దిగింది. ఆయనా దిగిపోయాడు.

దినాల రోజు సేఠు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దామె పోయింది. ఇంక గా వైరెందుకు మాస్టర్? తీసేపిస్తా. నీ మిషనుకు ఫ్రీ."

"వద్దు," అన్నాను. "మేడ తాళం ఓనరమ్మ కూతురు నాకిచ్చింది. ఆ వైరు ముట్టుకోవాలంటే నన్ను దాటుకుని ఎక్కాలి మీరు."

"నన్ను గూడ," అన్నాడు వెనక నుంచి మేకప్ ఆయన.

ఈ ఉదయం మేడెక్కాను. పిట్టగోడ దగ్గర వైరుకు చుట్టిన నల్ల టేపు ఎండకు ఊడుతోంది. కొత్తది బిగించి చుట్టాను. కింద ఇటు సేఠు జనరేటర్, అటు పక్క గల్లీ జనరేటర్, రెండూ ఆగి ఉన్నాయి. వాటి మధ్య వైరు గాలికి మెల్లగా ఊగుతోంది. దాని మీద రెండు పావురాలు, కదలకుండా.