చెరగని రెండో గీత

తాళాలు బాగుచేసే మా బాబాయి ఎవరింటి తలుపైనా మూడు నిమిషాల్లో తెరిచేస్తాడు. అలాంటి మనిషిని, గడియ కూడా పెట్టకుండా, ఒకే గదిలో వారాల తరబడి కూర్చోబెట్టింది మా పిన్ని. ఆవిడకి ఆ హక్కుంది. ఆరేళ్ల కిందట బాబాయి కిడ్నీలు రెండూ చేతులెత్తేస్తే, తన రెండింట్లోంచి ఒకటి తీసి ఇచ్చింది.

"బయట ఒకావిడ, లోపల ఒకావిడ. ఎవరికి నీళ్లు ఆలస్యమైనా చివాట్లు నాకే," అని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు బాబాయి.

ఆ కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తరిమేయకుండా ఆయన రోజూ మాత్రలు మింగాలి. రోగనిరోధక శక్తిని అణచి ఉంచడమే వాటి పని. "కొత్తావిడని దొంగనుకుని కొట్టకుండా కాపలావాళ్లకి మత్తుమందు పెట్టాం," అంటాడు. కాపలావాళ్లు మత్తులో ఉంటే అసలు దొంగకీ హాయేనన్న సంగతి మాత్రం మింగేస్తాడు.

ఆ దొంగని ఇంటికి మోసుకొచ్చింది పిన్ని తమ్ముడు, బస్సు డ్రైవరైన మా మావయ్య. కోవిడ్‌తో రెండు రోజులు ఒళ్లు కాలిపోయి, వీధంతా వినపడేలా మూలిగి, ఏడో రోజుకి పరీక్ష పట్టీ మీద ఒకే గీతతో బయటపడ్డాడు. బాబాయికి జ్వరమే రాలేదు. కొంచెం దగ్గు, అంతే. డాక్టరమ్మ మందులు రాసి, వైరస్ ఉందని చెప్పే రెండో గీత పోయేదాకా గది దాటొద్దంది. పిన్ని గుమ్మం బయట కుట్టుమిషను వేసుకుని కాపలాకి కూర్చుంది.

ఇరవై రోజులైనా రెండో గీత పోలేదు.

"ఏమే, జ్వరం లేదు, నొప్పి లేదు. పట్టీలే పాడైపోయాయేమో!"

"పట్టీలన్నీ ఒకేసారి పాడవుతాయా? నోరు మూసుకుని పడుకోండి."

ఇరవై ఒకటో రోజు బాబాయి బామ్మర్దిని కిటికీ దగ్గరికి పిలిచాడు. "ఒరేయ్, నీ ముక్కు శుభ్రంగానే ఉందిగా? ఓ పరీక్ష చేసుకుని ఆ పట్టీ ఇలా పడెయ్."

"అక్క చంపేస్తుంది బావా!"

"అంటించినోడివి నువ్వు. ఆ మాత్రం చెయ్యలేవూ?"

ఒకే గీతున్న ఆ పట్టీని బాబాయి తనదేనని చూపిస్తే, పిన్ని సంతోషంతో మిషను ఆపేసింది. బాబాయి మాస్కు పెట్టుకుని దుకాణానికి బయల్దేరాడు. సగం దాకా ఎత్తిన షట్టరు కింద మెట్టు మీద కూలబడి, చేపలా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటుంటే, ఎదురు దుకాణమాయన పిన్నికి కబురు పెట్టాడు. మావయ్య మొహం చూడగానే పిన్నికి అంతా అర్థమైంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్లినంతసేపూ ఇద్దరికీ చివాట్లు సమంగా పంచింది.

"జ్వరం రాలేదని మురిసిపోయారా?" అంది డాక్టరమ్మ. "జ్వరం తెప్పించేది వైరస్‌తో పోట్లాడే మీ ఒంటి సైన్యమే. అది మత్తులో ఉంది. అందుకే వైరస్ నింపాదిగా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది."

వైరస్‌ని చంపే మందు ఎక్కించారు. అదొక్కటే చాలదు, ఒంటి సైన్యాన్నీ కొంచెం లేపాలి. అందుకు కిడ్నీ మాత్రల్లో ఒకటి కొన్నాళ్లు ఆపాలి. ఆపితే ఆ సైన్యం పిన్ని కిడ్నీ మీదే పడొచ్చు. బాబాయి పిన్ని చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇచ్చింది పోగొడతానేమోనే," అన్నాడు.

"మీరుంటేనేగా అది ఉండేది. ఆపండి డాక్టరమ్మా," అంది పిన్ని.

ఆ తర్వాత రోజు విడిచి రోజు రక్తపరీక్ష. కిడ్నీ డీలా పడితే పెరిగే క్రియాటినిన్ ఎంతొచ్చిందో చెప్పడానికి నర్సు తలుపు తోస్తే చాలు, ముగ్గురూ ఊపిరి బిగపట్టేవాళ్లు. ఒకసారి కాస్త పెరిగింది. మావయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. మళ్లీ దిగింది. ఆయాసం తగ్గాక ఇంటికి పంపారు. అక్కడా గదే, గుమ్మం బయట మిషనే. ఈసారి పట్టీ పరీక్ష పిన్ని తన చేత్తోనే చేసేది.

నలభై నాలుగో రోజున ఒకే గీత కనిపించింది. నమ్మలేక మర్నాడూ చేసింది. ఒకటే. ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెట్టమని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. పిన్ని ఆఖరి రక్తపరీక్ష కాగితం వెలుగులో పెట్టి రెండుసార్లు చదివింది.

"ఏమైందే? చెప్పు!"

"నా కిడ్నీ బ్రహ్మాండంగా ఉంది," అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. "మీరూ పర్లేదు."