లేపమని చెప్పి పడుకున్న మనిషి

విమానం నడపడం నేర్పేటప్పుడు మొట్టమొదట ఒక మాట చెప్తారు. మేఘంలోకి పోయినాక నీ కళ్ళూ చెవులూ నీకే అబద్ధం చెప్తాయి, ఎదురుగా మీటర్లలో ఉన్న ముళ్ళను మాత్రమే నమ్ము అని. పద్నాలుగేళ్ళు ఆ మాట మీద బతికినవాణ్ణి నేను. మా ధర్మవరంలో, మగ్గాల వీధిలో ఎవరికన్నా గాలి సోకిందంటే చిన్నప్పుడే నవ్వేసి పక్కకు పోయేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం లేదు. నవ్వి వదిలేయాలని నేనూ చాలా ప్రయత్నం చేశాను.

జరిగి నాలుగేళ్ళయింది. అప్పుడు నేను మేఘమథనం చేసే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. రెండింజన్ల చిన్న విమానంలో మేఘాల దగ్గరికి పోయి, రెక్కలకు కట్టిన ఉప్పు గొట్టాలు కాల్చి రావడం మా పని. కళ్యాణదుర్గం పక్క జనం దాన్ని వాన విమానం అనేవాళ్ళు. వేరుశనగ మొలిచి వాన లేక వాడిపోతుంటే, విమానం శబ్దం వినగానే చేలల్లో పని ఆపి తల పైకెత్తేవాళ్ళట. అంత ఎత్తు నుంచి మనుషులు కనిపించరు. కానీ కింద చూస్తున్నారని మాకు తెలుసు.

మేము ఇద్దరం పైలట్లం. నేను, ప్రభాకర్ సార్. ఆయనది బళ్ళారి. యాభై ఆరేళ్ళ మనిషి, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. అనుభవంలో నాకంటే రెండింతలు పెద్ద. ఇంజన్ చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడంటే అతిశయోక్తి కాదు.

ఆ సంవత్సరం, నెల రోజులు ఎదురుచూసినాక ఒకేసారి మేఘాలు వచ్చాయి. మూడు రోజులు మేము పడుకున్నది లేదు. ఎగిరి రావడం, గొట్టాలు మార్చేలోపు కుర్చీలో కునుకు తీయడం, ఫోన్ మోగితే మళ్ళీ పరుగు. ఇన్ని గంటలే ఎగరాలని నిబంధన ఉంటుంది. మేము దాన్ని దాటలేదు కూడా. కానీ బూట్లు విప్పకుండా కూర్చుని ఎదురుచూసే గంటలను ఎవరూ పని కింద చూడరు.

నాలుగో రోజుకు ఆకాశం ఖాళీ అయింది. వాన పడింది లేదు. విమానాన్ని మరమ్మతుకు ఇంకో ఊరికి చేర్చాలి. పగటిపూట, గంటన్నర దారి, ఒక్కడు చాలు. వంతు నాది.

"సార్, నా వల్ల కాదు. కళ్ళు మూసుకుపోతున్నాయి" అన్నాను.

"నువ్వు పడుకో అప్పా. నేను పోతాలే, నాకు అలవాటే" అన్నాడాయన.

మీరు మాత్రం నిద్రపోయారా అని నేను అడగలేదు. అడిగితే నేనే పోవాల్సి వచ్చేది.

మూడు గంటలు దాటినాక ఆయన బయలుదేరాడు. నాలుగుకు కాస్త ముందు నుంచి రేడియోలో పిలిస్తే పలకలేదు. విమానం దారి విడిచి, మెల్లగా కిందికి జారుతూ వచ్చి కళ్యాణదుర్గం అవతల ఒక గుట్టకు కొట్టుకుంది. గాలి లేదు, మబ్బు లేదు. ఇంజన్లు రెండూ చివరిదాకా తిరుగుతూనే ఉన్నాయని తర్వాత తేలింది.

అనంతపురంలో లాడ్జి గదిలో కంపెనీవాళ్ళు, ఇద్దరు ముగ్గురు పాత పైలట్లు చేరారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట. అంత అనుభవం ఉన్న మనిషి ఎట్లా చేశాడు ఇట్లా? అందరికంటే చెడ్డ మాట అన్నది నేనే. "అనుభవం ఎక్కువైనవాళ్ళతో ఇదే చిక్కు. తమకేమీ కాదనుకుంటారు" అన్నాను. అందరూ తల ఊపారు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. తప్పు ఆయనదైతే నాది కాదు కదా.

దర్యాప్తు అధికారి అడిగాడు, బయలుదేరేటప్పుడు అలసటగా కనిపించాడా అని. లేదు, హుషారుగానే ఉన్నారని చెప్పి సంతకం పెట్టాను.

మూడు వారాలయినాక, ఒక పగలు, మోటార్ సైకిల్ వేసుకుని ఆ గుట్ట దగ్గరికి పోయాను. ఎందుకంటే సరిగా చెప్పలేను. ఇంటి దగ్గర కూడా నిద్ర పట్టడం లేదు, అంతే. శకలాలు తీసుకుపోయారు. మసి మాత్రం మిగిలింది. కింద ఒక పెద్ద బండ నీడలో గొర్రెలు నిలబడి ఉన్నాయి. పక్కన ఒకామె. యాభై దాటి ఉంటాయి. పేరు ఓబులమ్మ.

"పోలీసోడివా?" అని అడిగింది.

కాదక్కా, పోయినాయన నాతో పనిచేసేవాడు అన్నాను. ఆమె చేతికర్ర పక్కన పెట్టింది. తర్వాత, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"ఆ దినం ఈ బండ కాడ్నే ఉండా. సాయంత్రం బడి వదిలే గంట ఇంకా కొట్టలే. తెల్ల చొక్కా ఆయన ఒగాయన వచ్చినాడు. భుజాల మింద బంగారు గీతలు ఉండాయి. యాడ్నుంచి వచ్చినాడో నేను చూడలే. నీళ్ళు అడిగితే ఇచ్చినా. ఈడ వాన పడిందా తల్లీ అన్నాడు. యాడ పడింది సామీ, ఇమానం వచ్చేది పొయ్యేదే గానీ అంటి. నాతో అయ్యేదంతా చేసినా అన్నాడు. కన్నడమోళ్ళ మాదిరి ఉండాది మాట."

బండకు ఆనుకుని కూర్చున్నాను.

"మూడు దినాలాయ నిద్రపోయి, రవ్వంత సేపు పడుకుంటా అన్నాడు. ఇంగో, ఈడ రాయితో గీత గీసినాడు. ఈ బండ నీడ గీత కాడికి వస్తానే లేపమ్మా, మర్చిపోవద్దు అన్నాడు. చేయి కండ్ల మింద పెట్టుకోని పండుకున్నాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీడ గీత దాటింది సార్. నేను చూసినా. లేపుదామని దగ్గరికి పోతి. పసిబిడ్డ మాదిరి పండుకోనుండాడు. అంత అలిసిపోయిన మొగం నేను యాడా చూడలే. ఇంగ రవ్వంత సేపు పండుకోనీలే అనుకుంటి. అంతలోనే ఇమానం వచ్చింది, ఈ తలకాయల మింద. గొర్రెలు చెదిరిపాయ. గుట్టకు తగిలి పెద్ద శబ్దమాయ. తిరిగి చూస్తే ఈడ మనిషి లేడు."

గుట్ట మీదికి ఆడవాళ్ళను ఎవరినీ పోనివ్వలేదట. శవాన్ని ఆమె చూడలేదు. ఊళ్ళో పేపర్ తెప్పించేవాళ్ళు లేరు. నా ఫోన్‌లో మెకానిక్కులతో కలిసి మేము ఆరుగురం విమానం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. ఏమీ చెప్పకుండా చూపించాను. ఆమె వేలు నేరుగా ప్రభాకర్ సార్ మీద పెట్టింది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ప్రభాకర్ సార్ కునుకు తీసేటప్పుడు ఫోన్‌లో అలారం పెట్టేవాడు కాదు. విమానం నిలిపే షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీత గీసి, నీడ దాన్ని తాకగానే లేపమనేవాడు. మా నలుగురైదుగురికి తప్ప ఇది ఎవరికీ తెలియదు.

రెండోది ఆ తెల్ల చొక్కా. ఆ రోజు ఆయన నీలం టీషర్టుతో పోయాడు. ఒంటి మీద దొరికింది కూడా అదే. తెల్ల యూనిఫాం చొక్కాను పొద్దున్నే ఉతికి మా గది బయట తీగ మీద ఆరేశాడు. సాయంత్రం కబురు తెలిసినాక దాన్ని తీసి మడత పెట్టింది నేనే.

బడి నాలుగుకు వదులుతారు. ఆ గంట కొట్టకముందు అంటే ఆయన అప్పటికే ఆకాశంలో ఉన్నాడు. అందులో సందేహం లేదు.

ఓబులమ్మ నా చేయి పట్టుకుంది. "ఎవురికీ చెప్పలే సార్, నీకే చెప్తాండా. నేను లేపింటే బతికేటోడా?"

వంతు నాదక్కా, ఆయన్ని పడుకోబెట్టాల్సింది నేను అని చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే, చేయి విడిపించుకుని బండి దగ్గరికి వచ్చేశాను.

మరుసటి వారం దర్యాప్తు అధికారి దగ్గరికి పోయి, నేను ముందు చెప్పింది నిజం కాదని రాసిచ్చాను. మూడు రోజులు నిద్ర లేదని, వంతు నాదని, నేను తప్పుకుంటే ఆయన పోయాడని. ఓబులమ్మ సంగతి రాయలేదు. రాస్తే మిగతాది కూడా నమ్మేవాళ్ళు కాదు. అధికారి నా కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. కొన్ని నెలలకు నివేదిక వచ్చింది. అందులో కారణం పైలట్ పొరపాటు అని ఉంది. సార్ భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె విని, "ఆయన నిద్రలోనే పోయినారా అయితే?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. మంచిదే అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఎక్కడ ప్రమాదం జరిగినా మా పైలట్ల వాట్సాప్ గ్రూపులో తీర్పులు మొదలవుతాయి. ఎన్ని గంటల అనుభవం, ఏం చూసుకోలేదు, మనమైతే ఏం చేసేవాళ్ళం. నేను చదువుతాను. ఏమీ రాయను.

పోయిన ఎండాకాలం మళ్ళీ ఆ ఊరికి పోయాను. ఈసారైనా ఆమెకు జవాబు చెప్పాలని. ఓబులమ్మ గొర్రెలు తోలుకుని పోయింది. ఇంటి ముందు ఆమె భర్త మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు.

"ఏమైందో ఏమో సార్ దానికి. ఇంట్లో ఎవుర్నీ నిద్రపోనీదు" అన్నాడు. "మజ్జాన్నం రవ్వంత నడుం వాలిస్తే చాలు, వచ్చి భుజం పట్టి కుదుపుతాది. ఏందే అంటే, ఏమీ లేదు, లేచినావు కదా అని ఎల్లిపోతాది."

ఆమె ఎందుకు లేపుతుందో నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు, ఆమె వచ్చేదాకా ఆగనూ లేదు. ప్రభాకర్ సార్ ఆ మధ్యాహ్నం ఆ బండ నీడకు ఎట్లా వచ్చాడో మాత్రం నాకు ఈ రోజుకూ తెలియదు.