సొరకాయ బుర్ర, తూనీగ పొట్టు, మా గంగామణక్క

అక్క పోయింది.

నిన్న పొద్దున పదకొండింటికి శ్రీను ఫోన్ చేసిండు. అక్క కొడుకు. "చిన్నమ్మా, అమ్మ పోయిందే" అన్నడు.

ఆ ఫోన్ వస్తదని నాకు ఎరుకే. ఎరుకైనా గూడ, స్టవ్ మీద పప్పు మాడుతుంటె వాసన తెలుస్తనే ఉన్నది, లేవబుద్ధి కాలే.

ఎందుకు ఎరుకంటె, అంతకు రెండు గంటల ముందు వాడే ఫోన్ చేసి అడిగిండు. హైదరాబాద్ హాస్పిటల్ల అక్క తొమ్మిది రోజుల సంది వెంటిలేటర్ మీద ఉన్నది. "డాక్టర్ మిషన్ తీసేద్దమా అంటుండు చిన్నమ్మా. ఇంకో రెండు రోజులు చూస్తమన్నా చూడొచ్చునట. ఆశైతె తక్వనట. నాకు నోరు వస్తలేదు, నువ్వే చెప్పు."

నేను చెప్పిన.

"తీసెయ్యమను బిడ్డా."

గా మాట నా నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో చెప్పుకుంటె గాని నాకు ఊపిరాడేటట్టు లేదు. అందుకే గీ పోస్ట్. పెద్దగైతది. ఓపికుంటె చదువుండ్రి, లేకుంటె ఇడిసిపెట్టుండ్రి.

మాది నిజామాబాద్ పక్కన ఎడపల్లి. అరవైల సంగతి. నాకు ఏడేండ్లు, అక్కకు పద్నాలుగు. బడికి పోవాల్నంటె కాలువ గట్టు మీదికెళ్లే తొవ్వ. "ఈత రానిదాన్ని గట్టెక్కనియ్య, బడి లేదు గిడి లేదు" అన్నడు బాపు. బాపుకేమో చెరుకు నరికే దినాలు, నేర్పే టైం లేదు.

అక్క నేర్పింది. మధ్యాహ్నం పూట, మా చెరుకుతోటల దిగుడు బావిల.

ఎండిన సొరకాయలు రెండు తీస్కొని, లోపటి గింజలు గీకేసి, మూతికి బెండు ముక్క కొట్టి, తాడుతోని నా ఈపుకు కట్టింది. ఇప్పటి పిల్లలకు స్విమ్మింగ్ పూల్ల రంగురంగుల ట్యూబులు ఉన్నయ్ గదా, గప్పుడు మాకు ఆ బుర్రలే. అవి కట్టుకుంటె మునగమన్నా మునగం. నేను పది రోజులు బాతు లెక్క తేలిన. బుర్ర లేకుంట దిగమంటె మాత్రం మెట్ల మీద కూసోని ఒకటే ఏడుపు.

ఒకనాడు ఈ మెట్ల కాడికెళ్లి అవతలి గోడ దాక పోయి పట్టుకున్న. ఈపు మీద ఏందో బరువు. చూస్తె బుర్రలు రెండిట్ల నిండ నీళ్లు. అక్క ముందే బెండు ముక్కలు పీకేసింది. నేను ఈదుతున్న కొద్ది నీళ్లు ఎక్కినయన్నట్టు. సగం బావి నా అంతట నేనే ఈదిన.

కోపమొచ్చి అక్క చెయ్యి కొరికిన. "ఎందుకు చెప్పలే?"

"చెప్తె తియ్యనిస్తవా నువ్వు?" అన్నది. నవ్వుకుంట, కొరికిన కాడ రుద్దుకుంట.

ఇగ తూనీగ సంగతి.

ఆ బావి మెట్ల మీదికి నల్లటి పురుగులు ఎక్కేటియి. కుడుతయని పోరగాండ్లమంత రాళ్లతోని చంపేది. అక్క ఆపింది. "గది తూనీగ పిల్లనే. నెలలకు నెలలు నీళ్లల్లనే పెరుగుతది. తర్వాత పైకొచ్చి రెక్కలు తెచ్చుకుంటది" అన్నది. ఎవలు నమ్ముతరు? తూనీగంటె గాలిల ఉండేది, తోకకు దారం కట్టి మేం ఎగరేసేది.

చూపిస్త దా అని ఓ తెల్లారుగట్ల తీస్కపోయింది. పురుగు తుంగ పుల్ల పట్టుకొని కదలకుంట ఉన్నది. దాని ఈపు పగిలింది. తల బయటికొచ్చింది. ఎన్కకు వాలి అట్లనే ఏలాడుతున్నది. ఎంతసేపైనా కదలదు. షుగర్ ఫ్యాక్టరీ సైరన్ గూడ కొట్టింది, బడికి టైం అయితున్నది. నాకు పానం ఆగలే. ఇరుక్కపోయింది పాపమని గోటితోని పొట్టు పట్టి గుంజిన.

తూనీగ వచ్చింది. రెక్కలే విచ్చుకోలే. తడిసిన కాయితం లెక్క ముడుసుకొనే ఉన్నయ్. పొద్దెక్కేసరికి చీమలు పట్టినయ్.

తప్పు నాది, నేను లేచింది మాత్రం అక్క మీదికి. "నువ్వు నా బుర్ర చెప్పకుంట తియ్యలేదా? నేను గూడ గట్లనే తీసిన."

అక్క తిట్టలే, కొట్టలే. గా పొట్టు తీసి నా చేతిల పెట్టింది. "బుర్ర మనం కట్టింది లచ్చీ, మనం తియ్యొచ్చు. గీ పొట్టు మనం కట్టలే. దాని అంతట అదే ఇడవాలె" అన్నది.

నిన్న శ్రీను అడిగినప్పుడు నాకు బుర్రనే యాదికొచ్చింది. మిషన్ మనుషులు కట్టిందే గదా, తియ్యొచ్చు అనుకున్న. అందర్ని అడుగుకుంట కూసుంటె ఎవరు తియ్యనిస్తరు అనుకున్న.

ఫోన్ పెట్టేసినంక తూనీగ యాదికొచ్చింది.

మిషన్ తీసినంక అక్క గంటకు పైననే తన అంతట తాను ఊపిరి తీసుకున్నదట. శ్రీను రాత్రి చెప్పిండు. రెండు రోజులు ఆగితె ఏమయ్యేటిదో. నేను తీసింది బుర్రనా, పొట్టా? ఎవలను అడగాలె? గిసొంటివి చెప్పేది ఒక్క అక్కనే, అక్కనే లేకపాయె.

"నీ తప్పేం లేదు" అని కామెంట్ పెట్టకుండ్రి, దండం పెడుత. దాంతోని నాకేం కాదు.

ఇంకో ముచ్చట గూడ ఉన్నది. బెండు పీకిన్నాడు అక్క నా పక్కపొంటే ఈదుకుంట వచ్చింది. జానెడు దూరంల. మునిగితె పట్టుకుందామని. సగం బావి ఒక్కదాన్నే ఈదిన అని ఇన్నేండ్లు అందరికి గొప్పగ చెప్పుకున్న. ఒక్కదాన్నే ఈదలే నేను.

గా గంటసేపు అక్క ఒక్కతే ఈదుతుంటె, మోకాళ్ల నొప్పులని నేను నిజామాబాద్ల పొయ్యి కాడ ఉన్న.

గంగామణక్కా, నీ పక్కపొంటి రాలేదే నేను.

ఒడ్డు దొరికి ఉంటె చాలు. నిమ్మళంగ ఉండు అక్కా.